ప్రధాన సంఖ్యల వేటలో తొమ్మిదుల లెక్క

బెంగళూరు మారతహళ్లిలో మా అక్క కొడుకు ఉండే రూమ్‌లో ఒక డెస్క్‌టాప్ పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ఏం చేస్తోందిరా అది అంటే, "ప్రధాన సంఖ్య కోసం వెతుకుతోంది పిన్నీ" అన్నాడు.

1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ అనే ఉమ్మడి ప్రధాన సంఖ్యల వేటలో, ఇంట్లో కంప్యూటర్ ఉన్న ఎవరైనా చేరొచ్చు. 2024 అక్టోబరులో వాళ్లకు దొరికిన ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు. 13,62,79,841 రెళ్లను గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది అదే.

అంత సంఖ్యను పరీక్షించేదెలా? ఐదు రెళ్లతో చూద్దాం: 32లో ఒకటి తీస్తే 31. ఇలా రెళ్ల గుణకారంలో ఒకటి తీసిన సంఖ్యలకు వాడే లూకాస్–లెమర్ పరీక్ష 4తో మొదలవుతుంది. వర్గం చేసి 2 తీసెయ్యాలి, 31తో భాగించి శేషం ఉంచుకోవాలి. ఐదుకు రెండు తక్కువ, అంటే మూడుసార్లు చేశాక సున్నా వస్తే ప్రధానమే. 4 నుంచి 14, అక్కణ్ణుంచి 194. ఇప్పుడు భాగించాలి కదా? అక్కర్లేదు! నాకు ప్రాణమైన సంగతి ఇదే.

చిన్నప్పుడు లెక్క సరిచూడటానికి తొమ్మిదులు తీసేసేవాళ్లం. పది అంటే తొమ్మిదీ ఒకటీ, అందుకే అంకెలు కూడితే చాలు, 9తో భాగిస్తే వచ్చే శేషం తెలుస్తుంది. ఈ కారణం మాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, బండి నంబరు కూడితే తొమ్మిదే రావాలని వేలల్లో ఖర్చుపెట్టేవాళ్లు కొందరైనా ఆగేవారు. ఆ మొత్తంలో ఉన్నది అదృష్టం కాదు, శేషం.

అలాగే 32 అంటే 31, ఒకటి. 194లో ముప్ఫైరెళ్లు ఆరు, మిగిలింది రెండు. కూడితే 8. కంప్యూటర్ 194ను ఒకట్లు, సున్నాలతో రాసుకునే 11000010లో కుడివైపు ఐదు అంకెలు కత్తిరించి, ఎడమవైపు ముక్కతో కూడినా అదే 8. దాని వర్గంలో 2 తీస్తే 62: ఒక ముప్ఫైరెండు, పైన ముప్ఫై. కలిపితే 31, అంటే శేషం సున్నా!

ఇక బరువంతా వర్గం చెయ్యడంలోనే. అది త్వరగా అవ్వడానికి, అంకెల వరసను ఫూరియర్ పరివర్తన అనే గణిత పద్ధతితో, శబ్దాన్ని స్వరాలుగా విడదీసినట్టు, పౌనఃపున్యాలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ వర్గం చేసి, వెనక్కి మార్చి, పక్క స్థానానికి పోవాల్సినవి పంపుతారు. ఇలా కోట్లసార్లు. ఇప్పుడు ముందు, ప్రధానం అయ్యే అవకాశం ఉందో లేదో చెప్పే ఫెర్మా పరీక్షతో జల్లెడ పట్టి, నెగ్గినదానికే లూకాస్–లెమర్ పెడుతున్నారు. రెండింట్లోనూ పని ఇదే. మధ్యలో ఒక్క బిట్ తప్పినా ఫలితం చెడుతుంది, అందుకే కొత్త కంప్యూటర్ గట్టిదో కాదో చూడటానికి కూడా గింప్స్ లెక్కలు చేసే ఈ ప్రైమ్95 ప్రోగ్రామే నడుపుతారు.

మొన్న ఆదివారం నేనక్కడ ఉండగానే కరెంటు పోయింది. నాకు టెన్షన్ వచ్చింది, వాడు మాత్రం కదల్లేదు. కరెంటు రాగానే, సేవ్ అయిన చోటునుంచే వర్గాలు మళ్లీ మొదలయ్యాయి.