తిరగలి రాళ్ళు పరిచిన గది

1381 జూన్‌లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊరి జనం అక్కడి పెద్ద క్రైస్తవ మఠంలోకి జొరబడ్డారు. లండన్‌కి ఉత్తరాన ఓ ఇరవై మైళ్ళుంటుంది ఆ ఊరు. లోపల ఒక గదిలో నేల మీద పరిచిన రాళ్ళని గునపాలతో పెకిలించి బయటికి మోసుకొచ్చి ముక్కలు కొట్టి, చర్చిలో ఆదివారం రొట్టె పంచుతారు చూడండి, అలా తలా ఒక ముక్క పంచుకుని ఇళ్ళకి పట్టుకెళ్ళారు. అవి మామూలు బండలు కావు, తిరగలి రాళ్ళు. వాళ్ళ తాతలవి, అమ్మమ్మలవి. అప్పటికి ఓ యాభై ఏళ్ళ కింద రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ అనే మఠాధిపతి ఊళ్ళో ఇంటింటి తిరగళ్ళూ లాక్కుని, తెచ్చి ఆ గదిలో నేలకి పరిపించాడు.

మధ్యయుగం ఇంగ్లండ్ గురించి ఎప్పుడు చదివినా నాకు ముందు గుర్తొచ్చేది రాజులూ కోటలూ కాదు, ఈ గదే. ఇంట్లో గోధుమలు విసురుకోవడం నేరం ఎలా అయింది, యాభై ఏళ్ళు గడిచినా మనవళ్ళు ఆ రాళ్ళ కోసం ఎందుకొచ్చారు అన్నది అర్థమైతే ఫ్యూడల్ వ్యవస్థ అంటే ఏంటో చాలావరకు అర్థమైపోతుంది.

తిరగలి మీద నిషేధం ఎందుకంటే ఊళ్ళో నీటి మర దొరది. దొర అంటే బేరన్ అనే పెద్ద భూస్వామి కావచ్చు, బిషప్ కావచ్చు, ఇక్కడలా మఠం కావచ్చు. ఆ భూమి మీద బతికేవాళ్ళు ధాన్యం అక్కడే మర పట్టించుకోవాలి, పట్టినందుకు అందులో కొంత వాటా వదిలేసి రావాలి, ఆ వాటా ఎంతన్నది ఊరికో లెక్క. ఇంట్లో విసురుకుంటే దొరకి ఆ వాటా పోతుంది కదా, అందుకని తిరగలి దొరికితే జరిమానా. సెయింట్ ఆల్బన్స్ వాళ్ళు టౌన్‌లో బతికే వ్యాపారులు, చేతిపనివాళ్ళు, వాళ్ళ పరిస్థితే ఇదంటే చుట్టుపక్కల పల్లెల సంగతి చెప్పక్కర్లేదు.

పల్లెల్లో సగానికి దగ్గరగా, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువగా విలెయిన్‌లు ఉండేవాళ్ళు. వీళ్ళు బానిసలు కారు, కొంచెం భూమి సాగు చేసుకుంటారు, ఇల్లు ఉంటుంది, ఎద్దులుంటాయి. కానీ దొర అనుమతి లేకుండా ఊరు వదిలి పోవడానికి లేదు. చాలా చోట్ల వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో ఊరికే పని చేయాలి, కోతలప్పుడైతే తన పంట వానకి తడుస్తున్నా సరే ముందు దొర పంట కోసి రావాలి. మన భాషలో దీనికి వెట్టి అని ఒక్క మాట ఉంది, అది చాలు. కూతురికి పెళ్ళి చేస్తే దొరకి డబ్బు కట్టాలి. ఇంటాయన చచ్చిపోతే ఆ ఇంట్లో ఉన్నవాటిలో మంచి పశువుని దొర తోలుకుపోతాడు, చాలా చోట్ల ఆ తర్వాతిది చర్చికి పోతుంది. మనిషి పోయిన ఇంట్లో దుక్కి ఎద్దు కూడా పోతే ఆ ఏడు ఆ భార్యాపిల్లలు పొలం ఎలా దున్నుకున్నారో ఆలోచిస్తే కడుపులో దేవినట్టుంటుంది.

ఇక పైకి చూద్దాం. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం హేస్టింగ్స్ దగ్గర యుద్ధం గెలిచి ఆ క్రిస్మస్ రోజే కిరీటం పెట్టించుకున్నాడు. భూమంతా చివరికి రాజుదే అన్నది అతని లెక్క, మిగతావాళ్ళంతా దాన్ని రాజు నుంచి పట్టుకున్నవాళ్ళే: పెద్ద బేరన్‌లు, బిషప్‌లు రాజు దగ్గర, వాళ్ళ దగ్గర నైట్‌లు, ఏటా నలభై రోజులు గుర్రమెక్కి యుద్ధానికి వస్తాం అన్న షరతు మీద. స్కూల్ పుస్తకాల్లో పిరమిడ్ బొమ్మ వేసి చూపించేది ఇదే. ఆ బొమ్మ చూస్తే రాజుకి కింద ఉన్న రైతుతో ఏ సంబంధమూ లేదనిపిస్తుంది. నిజం అది కాదు, విలియం మొదట్నుంచీ దొరల తల మీదుగా కిందకి చూడాలనుకున్నాడు. 1085 క్రిస్మస్‌కి గ్లాస్టర్‌లో సభ పెట్టి దేశమంతా సర్వే చేయించమన్నాడు, మరుసటి ఏడాది పని అయింది. ఈ భూమి విలియం రాకముందు ఎడ్వర్డ్ రాజు రోజుల్లో ఎవరిది, ఇప్పుడెవరిది, నాగళ్ళెన్ని, విలెయిన్‌లు ఎందరు, బానిసలు ఎందరు, మరలెన్ని, చేపల చెరువులెన్ని, అప్పుడు విలువెంత, ఇప్పుడెంత, ఇంకా ఎక్కువ రాబట్టొచ్చా, ఇవీ ప్రశ్నలు. 13 వేలకి పైగా ఊళ్ళు, దాదాపు 6 వేల మరలు అందులో ఎక్కాయి. ఒక ఎద్దూ, ఆవూ, పందీ కూడా వదల్లేదని ఆ కాలంలోనే ఒక సన్యాసి రాసుకున్నాడు, అలా రాయడానికే సిగ్గుగా ఉందని కూడా అన్నాడు. దాన్నే జనం డూమ్స్‌డే బుక్ అన్నారు, అంతిమతీర్పు రోజులా దాని మాటకి ఇంక అప్పీలు లేదని. అదే 1086 ఆగస్టు 1న సాల్స్‌బరీలో, చెప్పుకోదగ్గ భూమి ఉన్నవాళ్ళందరి చేతా, వాళ్ళు ఏ దొర మనుషులైనా సరే, నేరుగా తనకే విధేయులమని ప్రమాణం చేయించుకున్నాడు.

బేరన్‌లకీ రాజుకీ మధ్య గొడవలు కథలు కథలుగా ఉన్నాయి, నేను త్వరగా దాటేస్తాను. తండ్రి పోతే కొడుకు భూమి తీసుకోవడానికి రాజుకి కట్టే సొమ్ముకి ఒక హద్దంటూ లేదు, 1205లో నికొలస్ డి స్టుట్‌విల్ అనే బేరన్ దగ్గర జాన్ రాజు 10 వేల మార్కులు అడిగాడు. మార్కంటే 160 పెన్నీలు, మొత్తం 16 లక్షల పెన్నీలు, కూలి మనిషికి రోజుకి ఒకట్రెండు పెన్నీలు వచ్చే కాలంలో. ఇలాంటివే పోగుపడి 1215 జూన్‌లో రన్నిమీడ్ మైదానంలో బేరన్‌లు రాజు చేత ఒప్పించుకున్న మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం అయింది. చట్టప్రకారం తీర్పు లేకుండా పట్టుకోకూడదు, భూమి లాక్కోకూడదు అని అందులో ఉంది, గొప్ప మాట, కాదనను. కానీ ఆ వాక్యంలో ఉన్నది స్వేచ్ఛ గల మనిషి అని. విలెయిన్ ఆ లెక్కలోకి రాడు. అప్పటికే రెండో హెన్రీ రాజు పెట్టిన కొత్త కోర్టు పద్ధతిలో నా భూమి అన్యాయంగా లాక్కున్నారని ఎవరైనా రాజు న్యాయమూర్తుల దగ్గరికి వెళ్ళొచ్చు, అక్కడ అవతలివాడు వీడు నా విలెయిన్ అని నిరూపిస్తే చాలు, కేసు అక్కడితో సరి. రాజు న్యాయం ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయిందన్నమాట, లోపల దొర కోర్టు, దొర రికార్డు.

అయినా జనం రాజు మీద ఆశ వదల్లేదు, నన్ను కదిలించేది అదే. 1377లో దక్షిణ ఇంగ్లండ్‌లో దాదాపు నలభై ఊళ్ళ రైతులు డబ్బులు పోగేసుకుని, డూమ్స్‌డే బుక్‌లో తమ ఊరి గురించి ఏముందో దానికి రాజముద్రతో నకళ్ళు తీయించుకున్నారు. ఎందుకంటే పాతకాలం నుంచి స్వయంగా రాజు చేతిలో ఉన్న భూమైతే అక్కడి రైతుల మీద కొత్తగా వెట్టి పెంచడానికి లేదు, అలాగని ఒక నియమం ఉంది. అంటే మూడొందల ఏళ్ళ కింద తమ ముత్తాతల్ని పశువులతో కలిపి లెక్కగట్టిన పుస్తకాన్నే పట్టుకుని, చూడండి మేం రాజు మనుషులం అని పని మానేసారు! లాటిన్‌లో రాసిన ఆ తోలు కాగితాన్ని వాళ్ళలో చాలామంది చదవలేరు కూడా. పార్లమెంటులో దొరలు కంగారుపడి గోల చేసారు, ఆ నకళ్ళు చెల్లవని తేల్చేసారు.

అంతకు ముందే 1348లో వచ్చిన ప్లేగు దేశంలో మూడో వంతు మందినో సగం మందినో మింగేసింది, పనివాళ్ళు దొరక్క కూలి రేట్లు పెరిగాయి, పెరగకూడదని 1351లో చట్టం చేసారు, ఆ పైన తలపన్ను, అది కూడా నాలుగేళ్ళలో మూడుసార్లు. 1381లో లండన్ పక్కనున్న ఎసెక్స్, కెంట్ పల్లెలు తిరగబడి లేచాయి. వాళ్ళ నినాదం రిచర్డ్ రాజు, నిజమైన ప్రజలు అని, రాజు చెడ్డ సలహాదారుల చేతిలో ఉన్నాడు తప్ప మనవాడే అని వాళ్ళ నమ్మకం. రాజుకి అప్పుడు పద్నాలుగేళ్ళు. జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర ఆ పిల్లవాడు వాళ్ళని కలిసి వెట్టి రద్దు, ఎకరానికి నాలుగు పెన్నీల కౌలు అని ఒప్పుకున్నాడు, గుమాస్తాలు కూచుని పత్రాలు రాసిచ్చారు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో నాయకుడు వాట్ టైలర్‌ని చంపేసారు, జూలై మొదట్లో ఆ పత్రాలన్నీ రద్దు.

సెయింట్ ఆల్బన్స్ వాళ్ళు కూడా రాజు ఉత్తరం పట్టుకునే మఠంలోకి వెళ్ళింది. రాళ్ళతో పాటు వాళ్ళు ఇంకోటి కూడా అడిగారు, ఎప్పుడో ఆఫా అనే పాత రాజు ఊరికి ఇచ్చిన హక్కుపత్రం, బంగారు అక్షరాలు నీలం అక్షరాలు ఉంటాయట. మఠంవాళ్ళు అలాంటిదేదీ మా దగ్గర లేదన్నారు. మఠం పత్రాల్ని మాత్రం జనం బజార్లో తగలబెట్టారు. నెల తిరిగేసరికి రాజే సైన్యంతో ఆ ఊరికి వచ్చాడు, జాన్ బాల్ అనే బోధకుణ్ణీ, ఊరి తరఫున నిలబడ్డ విలియం గ్రిండ్‌కాబ్‌నీ అక్కడే ఉరితీసారు, మర మీద మఠం హక్కు మళ్ళీ మఠానికే పోయింది.

కానీ ప్లేగులో చచ్చినవాళ్ళు చావగా మిగిలిన చేతులు తక్కువ, భూమి ఎక్కువ. దొర బిగిస్తే రైతు రాత్రికి రాత్రి పక్క దొర దగ్గరికి పోతాడు, ఆ దొర ఏ ఊరని అడక్కుండా పనిలో పెట్టుకుంటాడు. అలా తర్వాతి వందేళ్ళలో వెట్టి చాలావరకు డబ్బు కౌలుగా మారిపోయింది, ఏ రాజూ రద్దు చేయకుండానే. కౌలు తీసుకున్న రైతు పేరు దొర కోర్టు రికార్డులో ఎక్కించి దాని నకలు ఒకటి అతని చేతిలో పెట్టేవాళ్ళు, ఆ నకలే హక్కు, అందుకే ఆ కౌలుకి కాపీహోల్డ్ అని పేరు, ఇంగ్లండ్ చట్టంలో అది 1925 చివరి దాకా ఉంది. 1381లో తాతలు బజార్లో తగలబెట్టింది ఏ రికార్డులనో, ఆ రికార్డుల్లోంచి తీసిన ముక్కనే మనవళ్ళు పెట్టె అడుగున జాగ్రత్తగా దాచుకున్నారు.