స్లాబు కింద గొంగడి

మా అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తు పిన్నిగారు అడిగారు: "విదేశాల్లో ఇళ్ల గోడల్లో గొర్రె ఉన్ని కూరుతారట. మన హైదరాబాద్ ఎండలకు ఉన్ని ఏంది బాబూ, ఉడికిపోమా?"

తప్పు ఆవిడది కాదు. 'ఉన్ని వేడినిస్తుంది' అని బడిలో బట్టీ పట్టించాం. ఇవ్వడానికి దాని దగ్గర పొయ్యి ఉందా? రెండు స్టీలు గ్లాసుల్లో ఐసు ముక్కలు వేసి, ఒకదానికి గొంగడి ముక్క చుట్టి బాల్కనీలో పెట్టాను. ఉత్త గ్లాసులో నీళ్లే మిగిలాక కూడా గొంగడి గ్లాసులో ముక్కలు గలగలమంటూనే ఉన్నాయి.

వేడిని ఆపే అసలు పనిమంతుడు గాలి. కదలని గాలి వేడిని మహా బద్ధకంగా మోస్తుంది. మేలురకం ఉన్నిపోగులో రెండు రకాల కణాలు చెరో పక్కన ఉంటాయి, అందుకే పోగు వంకీలు తిరుగుతుంది. ఆ వంకీల్లో చిక్కిన గాలికి కదిలే చోటు దొరకదు. మన దక్కనీ గొర్రె ఉన్ని ముతక, వంకీలు తక్కువ, అయినా పనికొస్తుంది. నెల్లూరు జాతి మాత్రం వద్దు, దానికి ఉన్నేది? వెంట్రుకలే.

ఇక లెక్క. ఉష్ణవాహకత, అంటే వేడిని దాటనిచ్చే గుణం, ఉన్నికి మీటరుకు, డిగ్రీకి సుమారు 0.04 వాట్లు, కాంక్రీటుకు 1.5 దాకా. అంటే నాలుగున్నర అంగుళాల స్లాబు వేడిని ఎంత అడ్డుకుంటుందో, మూడు మిల్లీమీటర్ల ఉన్ని కూడా అంతే అడ్డుకుంటుంది! మూడు మిల్లీమీటర్లంటే ఒక మందపాటి గొంగడి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి మన నెత్తిన కక్కుతుంది కదా, ఫాల్స్ సీలింగ్ పైన రెండంగుళాల ఉన్ని పరిస్తే ఆ కక్కుడు చాలావరకు అక్కడే ఆగుతుంది. వంటింటి వేడి కూడా లోపలే ఆగుతుంది కాబట్టి సాయంత్రం కిటికీలు తీయాల్సిందే.

నాకు మరీ ఇష్టమైంది తేమ సంగతి. పోగు పైపొలుసు మీద నీటిచుక్క జారిపోతుంది, ఆవిరి మాత్రం లోపలి కెరటిన్ అనే ప్రోటీన్‌లోకి దూరుతుంది. తన బరువులో మూడో వంతు దాకా తాగినా తడిగా అనిపించదు. తాగేటప్పుడు కాస్త వేడి వదులుతుంది, ఆరేటప్పుడు తిరిగి తీసుకుంటుంది. వానలో గొంగడి కొప్పెర వేసుకున్న కాపరికి ఇదంతా చెప్పక్కర్లేదు.

పురుగు పడుతుందా? పడుతుంది, శాలువాలు కొరికే పురుగే. అందుకే వెలిగారం (బోరాక్స్) పట్టిస్తారు. గుమ్మానికి నల్ల ఉన్నితాడు కడితే దిష్టి పోతుందంటారు, పురుగు మాత్రం పోదు.

"మరి వాసనో?" అన్నారు పిన్నిగారు. బాగా కడిగి జిడ్డు తీస్తే ఉండదన్నాను. నా గొంగడి ముక్క సరిగ్గా కడిగింది కాదు. వాన పడితే మంద మొత్తం మా హాల్లోకి వచ్చినట్టే.