తెర దాటిపోయిన మూడో చుక్క

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

గ్రాఫ్ కాగితం మీద ఒక పరావలయం గీయాలంటే ఏడెనిమిది బిందువులు లెక్కగట్టాలి, గుర్తుపెట్టాలి, చెయ్యి వణక్కుండా కలపాలి. ఆన్‌లైన్ గ్రాఫింగ్ కాల్క్యులేటర్‌లో అయితే సమీకరణం టైప్ చేయడం పూర్తయ్యేలోపే గీత పడిపోతుంది. ఇంత సులువుగా వచ్చిన బొమ్మను ఎంతవరకు నమ్మాలి, దాన్ని ఏమడిగితే మనకు లెక్కలు వస్తాయి అన్నదే ఈ ఉత్తరం.

ఎక్కువమంది వాడేవి రెండు. ఒకటి డెస్మోస్, 2011లో వచ్చింది. రెండోది జియోజీబ్రా. దాన్ని 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టాడు. రెండూ బ్రౌజర్‌లో డబ్బు కట్టకుండానే తెరుచుకుంటాయి. నేను చెప్పే మీటలూ గుర్తులూ డెస్మోస్‌వి. లెక్కల సంగతి మాత్రం దేనికైనా ఒకటే. ఇంకో మాట: ఇక్కడ ఎక్స్, వై అని తెలుగులో రాస్తున్నాను గానీ, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే నొక్కాలి.

ముందుగా టైపింగ్. తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. సగం ఎక్స్‌కు ఒకటి కలపాలని మీరు 1/2ఎక్స్+1 అని గబగబా కొట్టేశారనుకోండి. భాగహారం గీత నొక్కగానే కర్సర్ హారంలోకి దిగుతుంది, మనం బయటికి తెచ్చేదాకా అక్కడే ఉంటుంది. దాంతో ఎక్స్ కిందికే పోతుంది, +1 కూడా కిందికే పోతుంది. సరళరేఖ రావాల్సిన చోట రెండు ముక్కలుగా విరిగిన వంపు వస్తుంది. 2 కొట్టాక కుడివైపు బాణం మీట ఒకసారి నొక్కి బయటికి రండి, ఆ తర్వాత మిగతాది టైప్ చేయండి. ఘాతం దగ్గర పద్ధతి వేరు. 2^ఎక్స్ తర్వాత + కొడితే కర్సర్ తనంతట తానే కిందికి దిగుతుంది. కాబట్టి 2 మీద ఎక్స్+1 మొత్తం ఘాతంగా కావాలంటే బ్రాకెట్ పెట్టాలి. అదే ఘాతం తర్వాత / కొడితే మాత్రం దిగదు, ఆ భిన్నం ఘాతంలోనే కూర్చుంటుంది. ఈ తిక్కలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. మీరు కొట్టింది పుస్తకంలో అచ్చేసినట్టు పక్కన కనిపిస్తూనే ఉంటుంది. గీత వైపు చూసే ముందు దాన్నొకసారి చదవండి, చాలు. జియోజీబ్రాలో అయితే రెండు అక్షరాలను గుణించేటప్పుడు మధ్యలో ఖాళీ గానీ నక్షత్రం గుర్తు గానీ పెట్టడం మంచి అలవాటు.

−3² విలువ −9. యంత్రం ముందు వర్గం చేసి, తర్వాత రుణగుర్తు తగిలిస్తుంది. 9 కావాలంటే (−3)² అని బ్రాకెట్‌తో రాయాలి. ఇది యంత్రం తప్పు కాదు, గణితం రాసే పద్ధతే అంత.

ఇక అసలు సంగతికి వద్దాం. మొదటి వరసలో వై = ఎక్స్², రెండో వరసలో వై = 2^ఎక్స్ టైప్ చేయండి. ఆగండి, టైప్ చేసే ముందు నోటుబుక్కులో పెన్సిల్‌తో ఒక పిచ్చిగీత గీయండి. రెండూ ఎన్నిచోట్ల కలుస్తాయనుకుంటున్నారో ఒక అంకె వేయండి. తప్పయినా ఫరవాలేదు, ఊహ లేకుండా మాత్రం బొమ్మ చూడొద్దు. ముందు ఊహించినవాడికే బొమ్మ ఎక్కడ తేడా కొట్టిందో తెలుస్తుంది.

ఇప్పుడు చూడండి. కంప్యూటర్ తెర మీద రెండు ఖండనలు కనిపిస్తాయి. వంపు మీద నొక్కితే బూడిదరంగు చుక్కలు వస్తాయి, చుక్క మీద నొక్కితే నిరూపకాలు చెబుతుంది. ఒకటి (2, 4), రెండోది ఎడమవైపు దాదాపు (−0.767, 0.588). చాలామంది "రెండు" అని రాసేసి లేచిపోతారు. కానీ ఎక్స్‌కు 4 వేసి చూడండి: 4² అంటే 16, 2^4 అన్నా 16. మూడో చుక్క (4, 16) దగ్గర ఉంది. తెర తెరుచుకున్నప్పుడు ఎక్స్ సుమారు −10 నుంచి 10 దాకా కనిపిస్తుంది. తెర అడ్డంగా వెడల్పు కాబట్టి వై అంతకంటే తక్కువే కనిపిస్తుంది. 16 పైకప్పు దాటిపోయింది. మౌస్ చక్రం తిప్పి దూరం జరిగితే అదీ దొరుకుతుంది.

సరే, మూడు దొరికాయి. నాలుగోది లేదని ఎలా చెబుతాం? ఎంత దూరం జరిగినా తెరకు ఒక అంచు ఉంటుంది, ఆ అంచు అవతల ఏముందో తెర చెప్పలేదు. అక్కడ పెన్సిలే పట్టాలి. ఎక్స్ ఒకటి పెరిగినప్పుడల్లా 2^ఎక్స్ రెట్టింపవుతుంది. ఎక్స్² మాత్రం 4 నుంచి 5కు పోయేటప్పుడు 16 నుంచి 25 అవుతుంది, అంటే 1.5625 రెట్లు. ఆ తర్వాత ఆ రెట్టు ఇంకా తగ్గుతూ పోతుంది. రెట్టింపయ్యేదాన్ని అది మళ్లీ అందుకోలేదు. సున్నాకు ఎడమవైపు వెళ్లేకొద్దీ ఎక్స్² పెరుగుతుంది, 2^ఎక్స్ తగ్గుతుంది కాబట్టి అక్కడ ఒక్కసారికి మించి కలవలేవు. కాబట్టి మూడే. బొమ్మ మనకు చుక్కలను చూపించింది, ఇక లేవని చెప్పింది మాత్రం ఈ నాలుగు వాక్యాలు.

దూరం జరగడం లాగే దగ్గరికి జరగడమూ అవసరమే. వై = ఎక్స్² − 2ఎక్స్ + 1.001 గీయండి. పరావలయం ఎక్స్-అక్షాన్ని 1 దగ్గర తాకినట్టే కనిపిస్తుంది, "సమాన మూలాలు" అని రాయబుద్ధవుతుంది. విచక్షణి, అంటే బి² − 4ఎసి, లెక్కగట్టండి: 4 − 4.004 = −0.004. రుణం, అంటే వాస్తవ మూలాలే లేవు. శీర్షం, అంటే పరావలయం వెనక్కి తిరిగే కొస, అక్షానికి 0.001 ఎత్తులో ఉంది. గీత మందమే అంతకంటే ఎక్కువ, కన్ను ఏం చేయగలదు? (1, 0) దగ్గరకు బాగా దగ్గరగా జరిగితే ఆ సందు తెరుచుకుంటుంది.

గీత ఎలా పడుతుందో తెలిస్తే ఈ మోసాలన్నీ ముందే పసిగట్టవచ్చు. యంత్రానికి వక్రరేఖ తెలియదు. కొన్ని ఎక్స్ విలువలు తీసుకుని, ఒక్కోదానికీ వై లెక్కగట్టి, చుక్కలు కలుపుతుంది. మీరు కాగితం మీద చేసిందే, కాకపోతే చుక్కలు ఎక్కువ. 1985లో వచ్చిన తొలి గ్రాఫింగ్ కాల్క్యులేటర్ కేసియో ఎఫ్‌ఎక్స్-7000జి తెరకు అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64 చుక్కలే ఉండేవి. ఇప్పటి తెరలో అడ్డంగా వెయ్యికి పైనే ఉంటాయి. −10 నుంచి 10 దాకా వెయ్యి చుక్కలంటే ఒక్కో అడుగు 0.02. ఇప్పుడు సైన్(100π ఎక్స్) ఆలోచించండి, కోణం రేడియన్లలో. దాని ఆవర్తనం, అంటే అల ఒకసారి పూర్తయ్యే దూరం, కూడా సరిగ్గా 0.02. సున్నా దగ్గర మొదలుపెట్టి 0.02 చొప్పున మాత్రమే అడిగే యంత్రానికి ప్రతిసారీ సున్నాయే వస్తుంది. ఊగిసలాడే అల బల్లపరుపు గీత అయి కూర్చుంటుంది! ఇప్పటి కాల్క్యులేటర్లు వంపు ఎక్కువున్న చోట మరిన్ని చుక్కలు తీసుకునేంత తెలివైనవే. అయినా రెండు చుక్కల మధ్య ఏం జరిగిందన్నది వాటికీ ఊహే.

(ఎక్స్² − 1)/(ఎక్స్ − 1) కూడా అలాంటిదే. ఏ తెగుడూ లేని సరళరేఖలా కనిపిస్తుంది. ప్లస్ గుర్తు నొక్కి పట్టిక తెచ్చుకుని, ఎక్స్ కింద 0, 1, 2 వేసి చూడండి. 1 దగ్గర విలువ రాదు, నిర్వచితం కాదని చెబుతుంది. ఒక్క బిందువంత చిల్లుకు వెడల్పు లేదు, మరి తెర మీద ఎలా కనిపిస్తుంది? అందుకే బొమ్మ పక్కన పట్టిక కూడా ఉంచుకోండి.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది స్లైడర్. వై = ఎ ఎక్స్² + బి ఎక్స్ + సి అని టైప్ చేయగానే, ఎ, బి, సి లకు స్లైడర్లు పెట్టమంటారా అని అడుగుతుంది. పెట్టండి. మామూలుగా అవి −10 నుంచి 10 దాకా కదులుతాయి. చివరి అంకె మీద నొక్కి హద్దులూ అడుగూ మార్చుకోవచ్చు. అయితే స్థిరరాశికి ఇ (e) అక్షరం వాడకండి, అది 2.718… కోసం ముందే కేటాయించి ఉంది. ఎ కదిపితే పరావలయం సన్నబడుతుంది, వెడల్పవుతుంది, సున్నా దాటితే తలకిందులవుతుంది. సి కదిపితే లిఫ్టులో ఎక్కినట్టు పైకీ కిందికీ పోతుంది. ఈ రెండూ ఊహించగలిగినవే. మరి బి కదిపితే? పక్కకు జరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఎ ను 1 దగ్గర, సి ని 0 దగ్గర ఉంచి, బి ని మెల్లగా లాగండి. పక్కకు జరుగుతూనే కిందికి కూడా జారుతుంది, ఏదో కనిపించని కొండ మీద నుంచి దిగినట్టు.

ఆ కొండ ఏమిటో పట్టుకుందాం. కొత్త వరసలో శీర్షాన్ని బిందువుగా వేయండి: (−బి/2ఎ, సి − బి²/4ఎ). ఇక్కడ 2ఎ మొత్తం హారంలో ఉండాలి కాబట్టి, పైన మనల్ని తిప్పలు పెట్టిన ఆ హారం అలవాటే ఇప్పుడు మేలు చేస్తుంది. బి² తర్వాత మాత్రం బాణం మీట నొక్కి ఘాతం నుంచి దిగాకే భాగహారం గీత కొట్టండి. ఇప్పుడు బి ని కదుపుతూ ఆ బిందువు నడిచే దారి చూడండి. తర్వాత ఇంకో వరసలో వై = −ఎక్స్² వేయండి. బిందువు దాని మీదనే నడుస్తుంది, అంగుళం కూడా పక్కకు తప్పదు. ఎ, సి మార్చి మళ్లీ చూస్తే దారి వై = సి − ఎ ఎక్స్² అని తేలుతుంది. ఎందుకు? శీర్షం ఎక్స్ నిరూపకం −బి/2ఎ కదా, దాన్నుంచి బి = −2ఎ ఎక్స్. ఆ బి ని సి − బి²/4ఎ లో పెట్టి చూడండి, రెండు వరసల పని. ఆ రెండు వరసలు మీరే రాయండి, ఇక్కడ నేను రాయను.

వై = (ఎక్స్ − 3)² ఎందుకు కుడివైపు జరుగుతుందన్నది ఇంకో పాత చిక్కు. తీసివేశాం కదా, ఎడమకు పోవాలి కదా అనిపిస్తుంది. శీర్షం అంటే ఆ వర్గం సున్నా అయ్యే చోటు. ఎక్స్ − 3 సున్నా కావాలంటే ఎక్స్ 3 కావాలి, అది సున్నాకు కుడివైపే ఉంది.

వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తే సమీకరణాన్ని తిట్టకండి. షిఫ్ట్ నొక్కి అక్షాన్ని లాగితే ఒక అక్షం కొలమానం ఒక్కటే సాగుతుంది, తెలియకుండా అలా లాగేసి ఉంటారు. అప్పుడు ఎక్స్² + వై² = 25 దీర్ఘవృత్తంలా అవుపిస్తుంది. వై = 2ఎక్స్, వై = −ఎక్స్/2 లంబంగా ఉన్నట్టే కనిపించవు. వాలుల లబ్ధం −1 అయితే అవి లంబాలే, బొమ్మ ఏమన్నా సరే. ఇంటి గుర్తు మీట నొక్కితే తెర మళ్లీ మొదటికి వస్తుంది.

త్రికోణమితి దగ్గర మొదట చూడాల్సింది కోణం డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా అన్నది. సైన్ 30 కొట్టి చూడండి. 0.5 వస్తే డిగ్రీలు, −0.988 వస్తే రేడియన్లు. డెస్మోస్ రేడియన్లతో మొదలవుతుంది, రెంచీ గుర్తు నొక్కి మార్చుకోవచ్చు. డిగ్రీల్లో పెట్టి వై = సైన్ ఎక్స్ గీస్తే, −10 నుంచి 10 లోపల దాని ఎత్తు 0.174 దాటదు. అల కనిపించక, అక్షాన్ని అంటిపెట్టుకున్న గీతే కనిపిస్తుంది. అల మొత్తం చూడాలంటే ఎక్స్‌ను 360 దాకా తీసుకుపోవాలి.

అంకెలకూ ఒక అంచు ఉంది. (1 + 1/ఎన్)^ఎన్ లో ఎన్ కు 10 పెడితే 2.59374, 100 పెడితే 2.70481, 1000 పెడితే 2.71692. పెంచేకొద్దీ 2.71828 వైపు చక్కగా నడుస్తుంది. అత్యాశకు పోయి 10^15 పెట్టండి, 3.035 వస్తుంది. 10^16 పెడితే ఏకంగా 1! యంత్రం ఒక సంఖ్యలో 15, 16 అంకెల దాకే గుర్తుంచుకుంటుంది. 1 కి 10^−16 కలిపితే ఆ చిన్న ముక్క నిలవక రాలిపోతుంది, మిగిలిన 1 ని ఎన్నిసార్లు గుణించినా 1 ఏ.

మీకోసం ఒక లెక్క వదిలిపెడుతున్నాను. సైన్ ఎక్స్ = ఎక్స్/10 కు ఎన్ని పరిష్కారాలు? ముందు నోటుబుక్కులో ఊహ, తర్వాత తెర. 2^ఎక్స్ లెక్కలో తెర మనల్ని ముంచింది గానీ, ఈసారి ఎక్స్ −10 నుంచి 10 దాకా చూస్తే నిజంగానే చాలు. ఎందుకు చాలో రెండు వాక్యాల్లో రాయండి. జవాబు 7 వస్తే సరే. 1 వచ్చిందంటే మీ కాల్క్యులేటర్ ఇంకా డిగ్రీల్లోనే ఉంది.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు