పిక్క కదిలితేనే కవాటం పనిచేస్తుంది

పోలీసు కానిస్టేబుల్ నియామకాల ప్రకటనలో శారీరక లోపాల జాబితా ఒకటి ఉంటుంది. ఒకదానికొకటి తగిలే మోకాళ్లు, చదునైన పాదాలు, నత్తి, వినికిడి లోపం, వీటి మధ్య వేరికోస్ వెయిన్స్, అంటే ఉబ్బి మెలికలు తిరిగిన కాలి సిరలు కూడా కనిపిస్తాయి. ఆ ఉద్యోగానికి సిద్ధమవుతున్న ఒక యువకుడు అడిగాడు: "పరుగులో నేను అందరికంటే ముందుంటాను. కాలికి నొప్పి లేదు, వాపు లేదు. పిక్క మీద ఒక సిర ఉబ్బి మెలికలు తిరిగినంత మాత్రాన పనికిరాకుండా పోతానా?" న్యాయమైన ప్రశ్న. పరుగు సంగతి కాసేపు పక్కన పెట్టి, నిలబడటం గురించి మాట్లాడుకుంటే గానీ దీనికి జవాబు దొరకదు. బందోబస్తుకు వెళ్లిన కానిస్టేబుల్ పరుగెత్తేది ఎప్పుడో ఒకసారి. ఒకే చోట గంటల తరబడి నిలబడటం మాత్రం అతనికి రోజూ ఉండే పని.

నిలబడిన మనిషిలో గుండె నుంచి చీలమండ దాకా సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంత ఎత్తునా సిరల్లో రక్తం నిండి ఉంటుంది. రక్తం నీటికంటే 1.06 రెట్లు బరువు, పాదరసం 13.6 రెట్లు బరువు. లెక్క కడితే 120 సెంటీమీటర్ల రక్తం కింద పడే పీడనం సుమారు 93 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. డాక్టరు బీపీ చూసి 120/80 అన్నప్పుడు లెక్కపెట్టేదీ ఈ మిల్లీమీటర్లనే. అంటే కదలకుండా నిలబడితే ఎంత ఆరోగ్యవంతుడికైనా పాదం దగ్గరి సిరల్లో పీడనం 90 దాకా ఉంటుంది. పడుకుంటే అది 10కి దగ్గరగా దిగుతుంది. ఇక్కడిదాకా వింతేమీ లేదు, అంతా గురుత్వాకర్షణ లెక్కే. నడక మొదలుపెట్టగానే జరిగేదే అసలైన అద్భుతం. మనిషి నిలువుగానే ఉంటాడు, గుండెకూ పాదానికీ మధ్య ఎత్తు అంగుళం కూడా తగ్గదు. అయినా పది అడుగులు వేసేలోగా పాదంలోని సిరల పీడనం 90 నుంచి 20, 30 మధ్యకు పడిపోతుంది!

ఈ పని చేసేవి రెండు: పిక్క కండరం, సిరల్లో రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే కవాటాలు.

పిక్క కండరాల చుట్టూ గట్టి పొర ఉంటుంది. కండరం బిగిసినప్పుడు ఆ పొర దాన్ని బయటికి ఉబ్బనివ్వదు. దాంతో ఒత్తిడంతా లోపలే ఉన్న లోతు సిరల మీద పడి, వాటిలోని రక్తం పైకి ఎగుస్తుంది. కండరం సడలగానే ఆ రక్తం కిందికి జారబోతుంది, అంతలో కవాటం మూసుకుంటుంది. లోతు సిర ఖాళీ అవుతుంది. చర్మం కింద ఉండే పైపొర సిరల నుంచి, మధ్యలోని అనుసంధాన సిరల ద్వారా, రక్తం ఆ ఖాళీలోకి చేరుతుంది. మరుసటి అడుగుతో మళ్లీ అదే.

కవాటం పనిని కళ్లారా చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. చేతిని కాసేపు కిందికి వేలాడదీసి పిడికిలి బిగించండి. ముంజేతి మీద ఒక సిర తేలుతుంది. మణికట్టు వైపు దాన్ని ఒక వేలితో నొక్కి పట్టి, ఇంకో వేలితో మోచేతి వైపు తుడిచినట్టు జరపండి. సిర చదునై మాయమవుతుంది. ఇప్పుడు పైవేలు తీసేయండి. రక్తం కొంతదూరం వెనక్కి వచ్చి, ఒక చిన్న ముడి దగ్గర ఆగిపోతుంది. ఆ ముడే కవాటం. దాని కింద సిర ఖాళీగానే ఉంటుంది. కిందివేలు తీయండి, కిందినుంచి రక్తం వచ్చి క్షణంలో నిండుతుంది. ఇంగ్లండ్ వైద్యుడు విలియమ్ హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించిన పుస్తకంలో వేయించిన బొమ్మలు ఈ ప్రయోగానివే. ఆయన చదువుకున్న ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో గురువు ఫాబ్రిషియస్ 1603లోనే ఈ కవాటాలను వర్ణించి, బొమ్మలు వేసి ప్రచురించాడు. కానీ రక్తం శరీరం మధ్య నుంచి కాళ్లకూ చేతులకూ సిరల్లోనే ప్రవహిస్తుందని నమ్మిన కాలం అది. అందుకని, రక్తమంతా పాదాల్లోకి ఒక్కసారిగా దిగిపోకుండా కవాటాలు నెమ్మది పరుస్తాయని ఆయన అనుకున్నాడు. అవే కవాటాలను చూసి శిష్యుడు, రక్తం వెళ్లే దిశ గుండె వైపే అని గ్రహించాడు. పదో తరగతి పిల్లలతో ఈ ప్రయోగం చేయించడానికి అయిదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. గుండె బొమ్మ గీయించి గదుల పేర్లు బట్టీ పట్టించే ఉపాధ్యాయులు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అంతుపట్టదు. తన చేతి మీద తన కవాటాన్ని చూసుకున్న పిల్లవాడు రక్తప్రసరణను జీవితంలో మరిచిపోడు.

బావి గట్టున మోటారు పెట్టి నీళ్లు తోడిన రైతుకు ఈ సంగతి ఇంకా తేలికగా బోధపడుతుంది. బావిలోకి దించిన పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. నీళ్లను ఎత్తేది మోటారే, ఫుట్‌వాల్వు కాదు. ఎత్తిన నీళ్లు జారిపోకుండా పట్టి ఉంచడం వరకే దాని పని. మోటారు ఆపిన ప్రతిసారీ పైపు ఖాళీ అయిపోతుంటే, మళ్లీ బిందెలతో నీళ్లు పోసి నింపాల్సి వస్తుంటే, రైతు మోటారును అనుమానించడు, ఫుట్‌వాల్వును పైకి తీసి చూస్తాడు. కాలిలో మోటారు పిక్క. ఫుట్‌వాల్వులు మాత్రం ఒకటి కాదు, దారి పొడవునా అంచెలంచెలుగా ఉంటాయి. ఒక్కోటీ తన పైనున్న కొద్దిపాటి రక్తాన్నే మోస్తుంది. అన్నీ సక్రమంగా ఉన్నంతకాలం 120 సెంటీమీటర్ల బరువు చిన్నచిన్న ముక్కలుగా పంచుకుపోతుంది.

కానీ పోలికను ఇక్కడే ఆపేస్తే ఒక పెద్ద పొరపాటు మిగిలిపోతుంది. మోటారు ఆగితే బావి పైపులో ఫుట్‌వాల్వు మూసుకునే ఉంటుంది. కాలిలో అలా ఉండదు. మనిషి కదలకుండా నిలబడ్డా గుండె ఆగదు కదా! ధమనుల నుంచి కేశనాళికల మీదుగా రక్తం కిందినుంచి సిరల్లోకి చేరుతూనే ఉంటుంది. అర నిమిషంలోపే ఖాళీ అయిన అంచెలు మళ్లీ నిండిపోతాయి, కవాటాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, ముక్కలు కలిసి మళ్లీ ఒకటే నిలువు అవుతాయి, పీడనం 90కి చేరుతుంది. నిలబడిన కాలికి ఎంత మంచి కవాటమూ రక్ష కాదు. అది పనిచేయాలంటే పిక్క కదలాలి. ఆ యువకుడు పరుగెత్తుతున్నప్పుడు అతని కాలికి హాయిగా ఉండటంలో అందుకే ఆశ్చర్యం లేదు.

ఇంకో తేడా. ఇనుప పైపు సాగదు, సిర సాగుతుంది. సిరలోని కవాటానికి రెండు పలచని రెక్కలుంటాయి, రెండూ మధ్యలో కలిస్తేనే దారి మూసుకుంటుంది. సిర గోడ బలహీనపడి వెడల్పయితే రెక్కలు చెడకపోయినా వాటి అంచులు ఒకదాన్నొకటి అందుకోలేవు. సందులోంచి రక్తం కిందికి జారుతుంది. కింది అంచె మీద రెట్టింపు బరువు పడి అక్కడి గోడ కూడా సాగుతుంది, దాని కవాటమూ తప్పుకుంటుంది. లోతు సిరలకు చుట్టూ కండరం ఆసరా ఉంది. పైపొర సిరలకు ఆ ఆసరా లేదు, సాగేవి అవే. వీటిలో పెద్దది చీలమండ లోపలి వైపు ముందు నుంచి తొడ మీదుగా గజ్జ దాకా వెళ్లే సిర. శరీరంలోకెల్లా పొడవైనది అదే, గుండె బైపాస్ శస్త్రచికిత్సకు తీసి వాడేదీ ఎక్కువగా అదే. విశేషమేమిటంటే, బయటికి మెలికలుగా కనిపించేది చాలాసార్లు ఈ ప్రధాన సిర కాదు. దానికి తనదైన పొర కప్పు ఉంటుంది. ఆ కప్పు దాటి చర్మానికి దగ్గరగా వచ్చే కొమ్మలే అలా ఉబ్బుతాయి. అందుకే మెలికను చూసి వైద్యం చేస్తే సరిపోదు, కారుతున్న కవాటం ఎక్కడుందో, రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌తో, రోగిని నిలబెట్టి వెతకాలి. పిక్కను నొక్కి వదిలాక పైపొర సిరలో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే కవాటం చెడినట్టు లెక్క.

ఎవరికి వస్తుంది? వంశంలో ఉన్నవారికి, వయసు పైబడినవారికి, బరువెక్కినవారికి, గర్భిణులకు, నిలబడి పనిచేసేవారికి. ఆడవాళ్ల జబ్బు అనుకోవద్దు. ఎడిన్‌బరోలో 18 నుంచి 64 ఏళ్ల వారిని పరీక్షించినప్పుడు ప్రధాన సిరల ఉబ్బు మగవారిలో 40 శాతం మందికి, ఆడవారిలో 32 శాతం మందికి కనిపించింది.

కవాటాలు చెడిన కాలిలో నడిచినా పీడనం దిగాల్సినంత దిగదు. దిగినట్టే దిగి, అడుగు ఆగగానే 20 సెకన్లలోపే మళ్లీ నిండిపోతుంది. ప్రమాదాలన్నిటికీ మూలం ఇదే. రోజంతా తగ్గని పీడనానికి కేశనాళికల గోడలు సడలి, ముందు నీరు కారుతుంది, సాయంత్రానికి చీలమండ దగ్గర వాపు వస్తుంది. తరవాత పెద్ద ప్రోటీన్లు, వాటి వెనక ఎర్రకణాలే బయటికొస్తాయి. ఆ కణాలు చితికి, వాటిలోని ఇనుము హీమోసిడరిన్ అనే గోధుమరంగు పదార్థంగా చర్మంలో పేరుకుంటుంది. చీలమండ పైన చర్మం గోధుమరంగుకు తిరగడానికి కారణం ఈ ఇనుమే. 1982లో బ్రౌజ్, బర్నాండ్ అనే లండన్ వైద్యులు, బయటికొచ్చిన ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్) కేశనాళికల చుట్టూ ఫైబ్రిన్ అనే పోగుల తొడుగుగా కట్టి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుందని ప్రతిపాదించారు. 1988లో మరో వాదం వచ్చింది: మందగించిన ప్రవాహంలో తెల్లకణాలు గోడలకు అతుక్కుని, ఎంజైములు విడుదల చేసి కణజాలాన్ని దెబ్బతీస్తాయని. ఇప్పుడు ఎక్కువ మొగ్గు తెల్లకణాలు రేపే ఈ మంట (ఇన్‌ఫ్లమేషన్) వాదం వైపే ఉంది. చివరికి చర్మం కింద కొవ్వు గట్టిపడి, చర్మం బిగుసుకుని, చిన్న గీత పడినా మానదు. లోపలి చీలమండకు కాస్త పైన ఏళ్ల తరబడి వేధించే పుండు ఇలా పుడుతుంది.

ఇంత స్పష్టమైన యంత్రాంగం ఉండగా "కాలిలో చెడు రక్తం చేరింది" అనే మాట ఇంకా వినిపించడం బాధ కలిగిస్తుంది. సిరల్లోని రక్తం నల్లగా ఉండేది ఆక్సిజన్ తగ్గడం వల్ల. అది చెడ్డదీ కాదు, నిలవదీ కాదు. జలగలు పెట్టి తీయిస్తే, తీసిన చోటు క్షణాల్లో పైనుంచీ కిందినుంచీ నిండుతుంది. అసలే మానడం కష్టమైన చర్మానికి ఒక కొత్త గాయం మిగులుతుంది.

రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోతుందేమోనన్నది చాలామందికి ఉండే భయం. ఉబ్బిన సిరలోనే గడ్డ కడితే అది తాడులా గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. చాలావరకు అది అక్కడే సర్దుకుంటుంది, గజ్జకు దగ్గరగా ఉంటే మాత్రం లోతు సిరలోకి పాకవచ్చు. తైవాన్‌లో రెండు లక్షలకు పైగా రోగుల వివరాలతో 2018లో వెలువడిన అధ్యయనంలో, వేరికోస్ వెయిన్స్ లేనివారితో పోలిస్తే ఉన్నవారిలో లోతు సిరల గడ్డలు అయిదు రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఇదే దానికి కారణమని ఆ అంకె రుజువు చేయదు. కానీ ఒక కాలు ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెడితే నూనె మర్దనా చేయించుకుంటూ కూర్చోకూడదు. దానికి తోడు ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బు సిరలున్న చాలామందికి జీవితమంతా వీటిలో ఏదీ రాదన్నదీ నిజమే.

రోమన్ సేనాని మారియస్ ఉబ్బిన సిరలు తీయించుకోవడానికి, తనను కట్టేయకుండానే ఒక కాలికి కోత పెట్టించుకుని, మూలగకుండా భరించాడనీ, రెండో కాలికి మాత్రం వద్దన్నాడనీ ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నేడు గజ్జ దగ్గర కోసి సిరను తీసేయడం చాలావరకు పోయింది. సిరలోకి సన్నని తీగ పంపి, లేజరుతో గానీ 120 డిగ్రీల రేడియో తరంగాల వేడితో గానీ దాన్ని లోపలినుంచే మూసేస్తున్నారు. రైతయితే చెడిన ఫుట్‌వాల్వు మారుస్తాడు, ఇక్కడ వైద్యులు పైపునే మూసేస్తారు. మరి రక్తం ఎటు పోతుంది? కాలి రక్తంలో పైపొర సిరలు మోసేది దాదాపు పదో వంతే. ఆ కారే సిర పైకి మోసేదానికంటే కిందికి జార్చేదే ఎక్కువ, దాన్ని మూస్తే లోతు సిరలకు భారం తగ్గుతుంది. పుండు పడ్డాక కూడా ఆలస్యం చేయకూడదు. బ్రిటన్‌లో 450 మందిపై జరిగి 2018లో ప్రచురితమైన ప్రయోగంలో, సిరను త్వరగా మూసినవారికి పుండు మానడానికి 56 రోజులు, వాయిదా వేసినవారికి 82 రోజులు పట్టింది.

బిగుతు మేజోళ్లు చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోనుపోను వదులుగా ఉండేలా నేస్తారు. అవి సిరను నొక్కి వెడల్పు తగ్గిస్తాయి, రెక్కలు మళ్లీ కలుసుకునే అవకాశమిస్తాయి. అయితే మధుమేహం ఉన్నవారు, బీడీలు, చుట్టలు తాగేవారు ముందుగా పాదంలో నాడి సరిగా ఆడుతోందో లేదో చూపించుకోవాలి. ధమనులు పూడిన కాలికి బిగుతు మేజోడు వేస్తే వచ్చే కాస్త రక్తమూ ఆగిపోతుంది. ఇక నిలబడి పనిచేసేవారికి కావలసింది మందుకంటే ముందు ఒక కుర్చీ. కేరళలో వస్త్ర దుకాణాల్లో పనిచేసే మహిళలు ఏళ్ల తరబడి పోరాడి 2018లో కూర్చునే హక్కును చట్టంలో చేర్పించారు, 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. పట్టుచీరలు మడత విప్పి చూపే అమ్మాయికి ఈ హక్కు అన్ని రాష్ట్రాల్లోనూ దక్కాలి.

అరుదైనదే అయినా అందరూ తెలుసుకోవలసిన ప్రమాదం ఒకటుంది. చీలమండ దగ్గర చర్మం పలచబడి సిర నీలపు పొక్కులా తేలినచోట, స్నానంలో గోరు తగిలినా అది చిట్లవచ్చు. రక్తం చిమ్ముతుంది, నొప్పి ఉండదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు దీనివల్ల చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాలకు ఎక్కాయి. చాలామంది కంగారులో రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాలు బిగించి కడతారు. ఆ కట్టు రక్తం గుండెకు తిరిగి వెళ్లే దారినే మూసేస్తుంది, ధమనిని ఆపలేదు, కారడం ఇంకా ఎక్కువవుతుంది. చేయవలసింది వేరు. మనిషిని వెంటనే నేల మీదే వెల్లకిలా పడుకోబెట్టి, కాలు గుండెకంటే ఎత్తుగా ఎత్తిపట్టి, శుభ్రమైన గుడ్డతో గాయం మీదే గట్టిగా పది నిమిషాలు నొక్కి ఉంచాలి, మధ్యలో తీసి చూడకూడదు. కాలు పైకి లేచిన మరుక్షణం ఆ సిరలోని పీడనం దాదాపు సున్నాకు దిగుతుంది. రక్తం ఆగాక గాయం మీదే కట్టు కట్టి, కాలు ఎత్తులోనే ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.