కషాయం పోస్తే గంబోరో తగ్గిందా?

బెంగళూరులో ఉంటూ హొసకోటె, చింతామణి వైపు బ్రాయిలర్ కోళ్ల షెడ్లు చూసే పశువైద్యుణ్ని. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: “హెర్బల్ లిక్విడ్ పోస్తున్నాం కద సార్, మళ్లీ వ్యాక్సిన్ దేనికి?” చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాస్తున్నా. గంబోరో అంటే కోడిపిల్లల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ జబ్బు.

అపోహ: మూలికల మందుతో గంబోరో తగ్గుతుంది.

వాస్తవం: గంబోరో చావులు తమంతట తామే తగ్గుతాయి. మొదలైన రెండు మూడు రోజులకు ఉధృతంగా ఉండి, మామూలుగా వారం లోపే దిగిపోతాయి, మీరేమీ పోయకపోయినా సరే. నాలుగో రోజు డబ్బా తెస్తారు, ఆరో రోజుకు చావులు ఆగుతాయి, పేరు డబ్బాకొస్తుంది, వాట్సాప్‌లో పది ఊళ్లు తిరుగుతుంది. అసలు నష్టం ఆ తర్వాతే. బర్సా (కోడిలో రోగనిరోధక కణాలు తయారయ్యే అవయవం) దెబ్బతిన్నాక వేసిన లాసోటా (రాణిఖేత్ అనే మరో వైరస్ జబ్బుకు టీకా) సరిగా పట్టదు, ఈ.కోలి బ్యాక్టీరియా దూరుతుంది, మేత లాగుతాయి కానీ బరువు రాదు, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు ఎంత మేత తిన్నాయన్న లెక్క) చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. అప్పుడు డబ్బా అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

చింతామణి దగ్గర ఒక రైతు, పాపం కిందటి బ్యాచ్‌లో బాగా దెబ్బతిన్న మనిషి, పసుపు, తులసి వాసన కొట్టే లిక్విడ్ కలిపిన డ్రమ్ములోనే వ్యాక్సిన్ వయల్ మూత తీస్తున్నాడు. రెండూ ఒకేసారి పోతే పనైపోతుందట. డబ్బా మీద పెద్దక్షరాలతో ‘యాంటీ వైరల్’ అని ఉంది. “అన్నా, ఇది నిజంగా వైరస్‌ను చంపేదైతే, నీ చేతిలో ఉన్నదీ బతికున్న వైరసే, దాన్ని వదిలేస్తుందా? చంపదంటావా, మరి ఇది కొన్నదెందుకు?” అన్నా. ఓసారి డబ్బా వైపు, ఓసారి వయల్ వైపు చూసి మూత మళ్లీ బిగించాడు.

వ్యాక్సిన్‌కు ముందు రోజు, ఆ రోజు, మర్నాడు నీళ్లలో టానిక్కులు, బ్లీచింగ్ ఏవీ వద్దు. కాసేపు నీళ్లు ఆపి దాహం వేశాక, లీటరుకు 2 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, రెండు గంటల్లో తాగేసేంతే వ్యాక్సిన్ నీళ్లు ఇవ్వండి. వయల్స్ ఐస్ డబ్బాలో, 2–8 డిగ్రీల మధ్య తేవాలి, బైక్ డిక్కీలో కాదు (నవ్వకండి, చూశాను).

మూలికలు దండగ అనడం లేదు. వైరస్ సోకిన కోళ్లపై చేసిన కొన్ని ప్రయోగాల్లో బరువు పడిపోవడం కొంత తగ్గింది, టీకాకు యాంటీబాడీలు కాస్త మెరుగ్గా వచ్చాయి. వ్యాక్సిన్ వేసి, పైన ఇస్తే మంచిదే. కాకపోతే మోతాదు చూసుకోవాలి, నేలవేము లాంటి చేదు ఎక్కువైతే మేత ముట్టవు.

బ్రాయిలర్లు హార్మోన్ ఇంజెక్షన్లతో పెరుగుతాయన్నది ఉత్త పుకారు. వేల కోడిపిల్లలకు ఎవరు పొడుస్తారండీ? జాతి, మేత, అంతే. బర్డ్ ఫ్లూకు టానిక్ అంటారా, లేదు.

చావులు మొదలయ్యాయా, టెన్షన్‌లో షాపుకు పరుగెత్తకండి. అప్పుడే చనిపోయిన రెండు మూడు కోళ్లను కవర్లో చుట్టి, ఐస్ పెట్టి హెబ్బాళలో పశు ఆరోగ్య సంస్థ ల్యాబ్‌కు తీసుకెళ్లండి. అక్కడ కోసి చూసినప్పుడు తొడ కండరాల మీద రక్తపు చారలు, ఉబ్బిన బర్సా ఉంటే గంబోరో అనుకోవచ్చు, ప్రోవెంట్రిక్యులస్‌లో (కోడి కడుపులో గ్రంథులుండే ముందు భాగం) రక్తపు చుక్కలుంటే రాణిఖేత్ అనుమానం. ఒక్క పూటలో గుట్టలుగా పోతే మాత్రం బర్డ్ ఫ్లూ కావచ్చు, కోయకండి, ఎక్కడికీ తరలించకండి, ముందు ఊళ్లోని ప్రభుత్వ పశువైద్యుడికి ఫోన్ చేయండి.