అడవినాభిలో నాభి బొడ్డు కాదు

ఆగస్టు వచ్చిందంటే నా వాట్సాప్ నిండా ఒకటే పువ్వు. ముళ్ళకంచె మీదకి పాకిన తీగ, దానికి మంటలా పైకి లేచిన ఆరు రేకులు. ఫోటో కింద ప్రశ్న కూడా ఇంచుమించు ఒకటే: "సార్, ఇది అడవినాభేనా? కడుపుకి మంచిదంటున్నారు, నిజమేనా?" నేను బోటనీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఒక్క పేరు పెట్టినంత టెన్షన్ నాకు ఇంకే మొక్కా పెట్టలేదు.

అపోహ: నాభి అంటే బొడ్డు. కాబట్టి అడవినాభి కడుపునొప్పికి, కాన్పుకి మందు.

వాస్తవం: నాభి అంటే బొడ్డే, కాదనను. కానీ తెలుగులో ఆ మాటకి విషమన్న అర్థం కూడా ఉంది. అది వత్సనాభి నుంచి వచ్చింది. వత్సనాభి హిమాలయాల్లో పెరిగే మొక్క. దుంప దూడ బొడ్డులా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆ దుంప ఎంత విషమంటే, వాడుకలో 'వత్స' ఊడిపోయి ఉత్త నాభి అన్నా విషమనే అర్థమైంది. మన కంచెల్లో, కొండవాలుల్లో దొరికే ఈ తీగ దుంప కూడా ప్రాణాలు తీసేదే. అందుకే అడవినాభి. పాతవాళ్ళు జాగ్రత్త చెబుతూ పెట్టిన పేరుని మనం మందుచీటీలా చదువుకుంటున్నాం.

ఇందులో ఉండే విషం కాల్చిసిన్. మొక్కంతా ఉంటుంది, దుంపలోనూ గింజల్లోనూ మరీ ఎక్కువ. గౌట్ అనే కీళ్ళ నొప్పులకి డాక్టర్లు ఇచ్చే కాల్చిసిన్ మాత్ర 0.5 మిల్లీగ్రాములు. దుంప ముక్క కోసుకు తినేవాడికి అందులో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో ఎవరు తూచి చెప్పాలి? ఉడికించినా పోదు. తిన్న కొన్ని గంటలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒక రోజు గడిచాక కాస్త తగ్గినట్టుంటుంది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం ఆ తర్వాతే, రెండో రోజు నుంచి వారం లోపల. కిడ్నీలు, గుండె, రక్తకణాలు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. బతికి బయటపడ్డవాళ్ళకి కొన్నాళ్ళకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. కాబట్టి వాంతులు తగ్గాయి కదా అని ఇంట్లో ఉండిపోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మిగిలిన దుంపనీ తీగనీ ఆకులతో సహా సంచీలో వేసుకెళ్ళండి. 'ఏదో నాభి అంటండీ' అంటే డాక్టర్‌కి ఏం తెలుస్తుంది?

మూడేళ్ళ కిందట ఒక పెద్దాయన కాలేజీకి వచ్చాడు. చేతిసంచీలోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. లోపల రెండు కొమ్ములుగా చీలిన దుంప, ఇంకా మట్టి కూడా వదల్లేదు. "మా కోడలికి నెలలు నిండాయండి. దీన్ని అరగదీసి బొడ్డు చుట్టూ రాస్తే కాన్పు సులువవుతుందన్నారు. కాస్త లోపలికి కూడా ఇవ్వచ్చా?" అని అడిగాడు. ఆయన్ని తెలివితక్కువవాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మొదటి కాన్పులో ఆ అమ్మాయి చావు దాకా వెళ్ళొచ్చిందట. ఆయనకి రాత్రుళ్ళు నిద్ర లేదు. ఈ దుంపని అరగదీసి పైపూతగా వేయడం పాత వైద్యంలో లేకపోలేదు, అబద్ధం చెప్పను. కానీ భావప్రకాశ నిఘంటువు అనే పాత ఆయుర్వేద గ్రంథం ఈ మొక్కకి చెప్పిన పేర్లలో 'గర్భనుత్' ఒకటి. గర్భాన్ని తోసేసేది అని దానర్థం. ఆ మాట విప్పి చెప్పగానే ఆయన పొట్లం బల్ల మీదే వదిలేసి, చేతులు రెండూ పంచెకి గట్టిగా తుడుచుకున్నాడు. చేతులు కడుక్కోమని కుళాయి చూపించి, కోడల్ని ఈ రోజే ఆస్పత్రిలో చూపించమన్నాను.

అపోహ: అగ్నిశిఖ అంటే కుంకుమపువ్వు. గర్భిణులు పాలలో వేసుకోవచ్చు.

వాస్తవం: సంస్కృతంలో కుంకుమపువ్వుకీ ఆ పేరుంది, ఈ తీగకీ ఉంది. రెండు వేర్వేరు మొక్కలు. ఎవరో గ్రూపులో పేరొకటి, బొమ్మ ఇంకొకటి పెట్టి పంపేస్తారు, మనవాళ్ళు వంద మందికి ఫార్వర్డ్ చేస్తారు. పంపేముందు ఒక్క నిమిషం ఆగితే ఏం పోతుంది?

అపోహ: 'అడవి' అని ఉందంటే స్వచ్ఛమైనది, సహజమైనది.

వాస్తవం: మొక్కల పేర్లలో 'అడవి' అంటే చాలాసార్లు 'దానిలా ఉండేది, అది కాదు' అనే. అడవి ఉల్లి కూర వండుకునే ఉల్లి కాదు, గుండె మీద పనిచేసే విషం అది.

శుద్ధి చేస్తే ఏమీ కాదంటారు. గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేసే పద్ధతి ఆయుర్వేదంలో ఉంది. దాంతో విషం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మన మందుల చట్టం నిబంధనల్లో విషద్రవ్యాల జాబితా షెడ్యూల్ ఇ1లో ఈ మొక్క లాంగలి పేరుతో ఉంది. లాంగలం అంటే నాగలి. వంగిన దుంపని చూసి పెట్టిన పేరది. శుద్ధి చేసే పని చదువుకున్న వైద్యుడిది, వంటింట్లో చేసేది కాదు.

ముట్టుకుంటే చస్తారన్నది కూడా తప్పే. దుంప రసం తగిలితే కొందరికి చర్మం మండుతుంది. చేతులు కడుక్కుంటే చాలు.

దుంపలు తవ్వుకునేవాళ్ళు పేరు కన్నా ఆకు కొసని నమ్ముకోవాలి. ఈ తీగ ఆకు కొస సన్నగా సాగి, స్ప్రింగులా చుట్టుకుని, పక్కనున్న పుల్లని పట్టుకుంటుంది. చిక్కల్లా తీగ ఎండిపోయాకే. అప్పుడు ఆకూ ఉండదు, పువ్వూ ఉండదు, మట్టిలో దుంపొక్కటే మిగులుతుంది. ఏ తీగదో చూడని దుంపని వండకండి.

మా ఇంటి కంచె మీద కూడా ఒక తీగ ఉంది. పువ్వు మొదట పసుపుపచ్చగా విచ్చుకుని, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. పువ్వు మధ్యలో ఉండే కీలం, అంటే అండాశయం మీది సన్నటి కాడ, అయితే ఎవరో విరిచినట్టు పక్కకి తిరిగి ఉంటుంది. ఏటా పక్కింటి మామ్మగారు దాన్ని చూసి, "దీని పేరేంటి నాయనా?" అని అడుగుతారు. "విషపుతీగ, మామ్మగారూ" అంటాను. "ఇంత అందమైన పువ్వుకి అదేం పేరయ్యా!" అని నన్నే కసురుతారు.