ఓటు లేని అమ్మమ్మ ఎన్నికల్లో ఎందుకు తిరిగిందంటే

బుజ్జీ, చిట్టీ,

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగింది కదా, "అమ్మమ్మా, నీకు అమెరికాలో ఓటే లేదు, పైగా నువ్వు ప్రచారం చేసిన ఎలిజబెత్ వారెన్ ఓడిపోయింది, మరి ఆ మంచులో ఎందుకు తిరిగావు?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా అమ్మ సంగతి, అంటే మీ తాతమ్మ. గుంటూరులో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. రోజంతా నేల మీద కూర్చుని, ఆకును రంగును బట్టి, మచ్చలను బట్టి వేరు చేసి కట్టలు కట్టడం. ఇంటికొచ్చి స్నానం చేసినా ఆ ఘాటు వదిలేది కాదు. శనివారం కూలి డబ్బులు ఇచ్చేవాళ్లు. ఒక్కోవారం పావలానో అర్ధరూపాయో తగ్గేది. అమ్మ గుమ్మంలో కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లిపోయేది. అడిగితే సోమవారం పని ఉండదని భయం.

ఇప్పుడు మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊరి కథ చెబుతా. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో మేముండే నాషువా నుంచి కారులో అరగంట. మెరిమాక్ నది ఒడ్డున పెద్ద పెద్ద ఇటుక మిల్లులు. ఆడవాళ్లూ పిల్లలూ వారానికి 56 గంటలు కాదు, 54 గంటలకు మించి పని చేయకూడదని 1912 జనవరిలో మసాచుసెట్స్‌లో చట్టం అమల్లోకి వచ్చింది. మంచిదే కదా అనిపిస్తుంది, కానీ మిల్లుల వాళ్లు ఆ రెండు గంటల జీతమూ కోసేశారు. జనవరి 11న ఎవరెట్ మిల్లులో పోలండ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు జీతం చూసుకుంటే దాదాపు 32 సెంట్లు తక్కువ. మా అమ్మకు తగ్గినట్టే, చిల్లర డబ్బులు! వాళ్లు మాత్రం కొంగున ముడేసుకోలేదు. మగ్గాలు ఆపేసి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లో 20 వేల మందికి పైగా పని మానేశారు, ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చినవాళ్లు, ఒకరి భాష ఒకరికి రాదు, సభలో ఒక మాట చెబితే దాన్ని ఇన్ని భాషల్లోకి మార్చి చెప్పాలి. ఆడవాళ్లు ఆ చలిలో ముందు వరసలో నడిచారు. తిండికి కటకటై పిల్లల్ని వేరే ఊళ్లలో సాయం చేసేవాళ్ల ఇళ్లకు పంపుతుంటే, ఫిబ్రవరి 24న రైల్వే స్టేషన్లో పోలీసులు తల్లుల్నీ పిల్లల్నీ కొట్టారు. దేశమంతా మండిపడింది. వాషింగ్టన్‌లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, విచారణ పెడితే కమెల్లా టియోలి అనే 14 ఏళ్ల అమ్మాయి వెళ్లి సాక్ష్యం చెప్పింది. మిల్లు యంత్రంలో జుట్టు చిక్కుకుని ఆ పిల్ల నెత్తి మీది చర్మం ఊడిపోయింది, 7 నెలలు ఆసుపత్రిలో ఉంది. చిట్టీ, నీ ఈడు పిల్ల. మార్చిలో యజమానులు దిగొచ్చి కూలి పెంచారు.

2019 ఫిబ్రవరి 9న డెమొక్రటిక్ పార్టీ సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ఆ ఎవరెట్ మిల్లు దగ్గరే నిలబడి, ఆ ఆడవాళ్ల కథ చెప్పి, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానని ప్రకటించింది. నేనూ వెళ్లాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, నాకు మాత్రం మా అమ్మ కొంగు ముడే కళ్లముందు ఆడుతోంది. ఆ సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోనూ ఆవిడ అలాంటి చోటే సభ పెట్టింది, 1911లో బట్టల ఫ్యాక్టరీకి నిప్పంటుకుని, తలుపు తాళం వేసి ఉండటంతో తప్పించుకునే దారిలేక 146 మంది చనిపోయిన భవనం దగ్గర్లో. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. ఆ మంటల్ని కళ్లారా చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ తర్వాత 1933లో కార్మిక మంత్రి అయింది, అమెరికాలో మంత్రి అయిన మొదటి మహిళ ఆమే.

నాకున్నది గ్రీన్‌కార్డు, ఓటు లేదు. కానీ జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయడానికి ఓటుతో పని లేదు. వెళ్లి పేరిచ్చాను. ఫోన్‌లో ఒక యాప్, అందులో వీధి, ఇంటి నంబరు, ఓటరు పేరు. తలుపు కొట్టాలి, మాట్లాడాలి, చివర్లో ఒక అంకె నొక్కాలి, 1 అంటే మన మనిషి, 5 అంటే ఎదుటి పక్షం. కరపత్రాన్ని పోస్టు డబ్బాలో వేయకూడదు, అది చట్టవిరుద్ధం, తలుపు సందులో పెట్టాలి. నాకు మొదటి రోజు ఒకటే టెన్షన్, నా ఇంగ్లీషు అర్థమవుతుందో లేదో అని. కానీ తలుపు తీసినవాళ్లకు మనం ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. "మీకు ఇప్పుడు ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడిగి ఊరుకుంటే చాలు. ఒకావిడ నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చి, నిద్రపోకుండా, ఓవర్‌టైమ్ డబ్బులు ఎలా ఎగ్గొడుతున్నారో పావుగంట చెప్పింది. మా అమ్మ గుమ్మంలోకి వచ్చి, ఈ వారం ఎంత తగ్గిందమ్మా అని ఒక్కరూ అడగలేదు బుజ్జీ. నేను ఆ చలికాలమంతా కొన్ని వందల గుమ్మాల్లో అడిగాను.

2020 ఫిబ్రవరి 11న, డెమొక్రటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి న్యూహాంప్‌షైర్‌లో జరిగిన పోలింగులో మావిడ నాలుగో స్థానంలో నిలిచింది, 9 శాతం చిల్లర ఓట్లు. మార్చి 5న పోటీ నుంచి తప్పుకుంది. ఏడ్చాను, అబద్ధమెందుకు.

పోలింగుకు ముందు శనివారం ఒక ముసలావిడ తలుపు తీసింది. మిల్లు సంగతి ఎత్తగానే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది, వాళ్లమ్మ లారెన్స్‌లో నేతపని చేసిందట. టీ ఇచ్చింది. నేను గుంటూరు పొగాకు గురించి చెప్పాను, ఆవిడ వాళ్లమ్మ చేతివేళ్ల గురించి చెప్పింది. గంట గడిచిపోయింది. లేచి వచ్చేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, ఏమీ అనుకోవద్దు, నా ఓటు వేరే అతనికి అంది. బయట మెట్ల మీద గ్లవ్ తీసి, ఆవిడ పేరు పక్కన 5 నొక్కి, పక్కింటి తలుపు కొట్టాను.

మీ అమ్మమ్మ